నెత్తురుతోని బేరం

హైదరాబాదుల గుండె డాక్టరుతోని బేరం చేసి గెలిచినోడు మా ఆర్మూర్ల నేనొక్కణ్నే. ఆయన పదిహేను రోజులల్ల ఆపరేషన్ కావాలన్నడు. నేను నాలుగు నెలలన్న. ఆయన ఒక నెల దాకా వచ్చిండు. నేను నాలుగు నెలల మీదనే కూసున్న. ఆఖరికి ఆయన కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, కండ్లు రుద్దుకొని, "సరే, మీ ఇష్టం" అన్నడు. బయటికొచ్చినంక నా నడకనే మారింది. ఆపరేషన్ కావాల్సిన గుండె నాది కాదు, నా భార్యది. ఆమె నాకు నాలుగడుగుల వెనక గోడ పట్టుకొని నడుస్తున్నది.

బజారుల పెరిగినోళ్లకు డాక్టరన్న ఆ మాట విలువ తెలుస్తది. కొనెటోడు దుకాణం మెట్లు దిగి నాలుగడుగులు పోయినంక, వెనక నుంచి అమ్మెటోడు "సరే సేటూ, మీ ఇష్టం" అన్నడంటే ధర మన చేతికొచ్చినట్టే. బట్టల దుకాణంలనైనా, ఎడ్ల అంగడిలనైనా దానికి అదొక్కటే అర్థం. తెల్లకోటు తొడుక్కున్నోని నోట్లె ఆ మాటకు ఇంకో అర్థం ఉంటదని నాకెవ్వరు చెప్పలేదు. చెప్పినా నేను సగానికి తగ్గించే వినేటోణ్ని.

నేను పుట్టింది పసుపు అడ్తి దుకాణం వెనకర్రల. రైతు తెచ్చిన పసుపు రాశి పోయించి, కొనెటోళ్లకు చూపిచ్చి, నడుమ నిలవడి ధర తెంపి కమీషన్ తీసుకునుడు మా ఇంటి పని. నేను ఒక్క కొమ్ము పండించింది లేదు, ఒక్క బాయిల దిగింది లేదు. ఐనా పంట మీద, బాయి మీద నాకు తెల్వని ముచ్చట లేనట్టు మాట్లాడెటోణ్ని. రిక్షావానితోని ఎక్కకముందు ఒకసారి, దిగినంక ఒకసారి బేరం చేసెటోణ్ని. మా పెండ్లిల బ్యాండువాళ్లతోని నేనే మాట్లాడి ఇద్దరు బాకావాళ్లను తగ్గించిన. ఊరేగింపుల డప్పు తప్ప ఏం వినపడలేదని మా అత్తగారి వాళ్లు ఇప్పటికీ అంటరు.

నా భార్యది ధర్పల్లి. వాళ్లదీ కిరాణా దుకాణమే. అందుకని నా తెలివికి ఆమె ఎన్నడు మురువలేదు. "యముడొచ్చినా నువ్వు ముందుగాల దున్నపోతు పండ్లు చూసి ధర కడ్తవ్" అనేది.

కింద దుకాణం, మీద ఇల్లు. నడుమ పందొమ్మిది మెట్లు. పెండ్లయిన కొత్తల ఆ మెట్లు ఆమె గజ్జెల చప్పుడు చేసుకుంట ఎక్కేది. రెండేండ్లకు నడుమ మలుపు కాడ ఒకసారి ఆగుడు మొదలైంది. కింద గద్దె మీద కూసున్న నాకు ఆ చప్పుడు ఆగింది వినపడేది.

"ఏమే, ఆగినవ్?"

"గాజు సర్దుకుంటున్న."

కొన్ని దినాలకు రెండుసార్లు ఆగేది. "ఇప్పుడేంది?"

"రెండో చేతికి గూడ గాజులున్నయి గదా."

నేను నవ్విన. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప మీద నేనే కొట్టుకోవాల్ననిపిస్తది. ఆ యేడు ఆమె కడుపుతోని ఉండె. అయిదో నెలల ఊపిరాడక దమ్ము ఎక్కువై, కాళ్లు వాసి, కడుపు పోయింది. ఇంట్ల ఆడోళ్లు నెత్తురు తక్కువన్నరు, దిష్టి అన్నరు. కాన్పులు చేసే డాక్టరమ్మ మాత్రం ఆమె రొమ్ము మీద గొట్టం పెట్టి చాలసేపు విని, "ఇది నా పని కాదు, నిజామాబాద్ తీసుకపోండి. గుండె చూపియ్యకుండ ఇంకో కడుపు రానియ్యకుండ్రి" అన్నది.

ఇంకో కడుపు. నా భార్య పట్టుకున్నది ఆ రెండు మాటలే. గుండె సంగతి ఆమెకు ఫికర్ లేదు, ఇంకో కడుపు కోసం గుండె బాగు కావాలె, అంతే.

నిజామాబాద్ డాక్టరు పెద్దమనిషి. విన్నంక నన్ను కూసోమని, "మీదేం పని?" అన్నడు.

"పసుపు అడ్తి సార్, ఆర్మూర్ల."

"అయితే బావి మోటారు గురించి తెలుసు కదా?"

"బరాబర్ తెలుసు" అన్న. తెల్వదన్నోనికి ధర ఎక్కువ చెప్తరని నా భయం.

ఆయన మందుల చిట్టీ తిరగేసి ఒక డబ్బా గీసిండు, దాన్ని నాలుగు అర్రలు చేసిండు. ఒంట్లె పని చేసి నల్లబడ్డ నెత్తురు కుడిపక్క పై అర్రలకు వస్తదట. అక్కణ్నుంచి కింది అర్రలకు దిగుతది. కింది అర్ర దాన్ని ఊపిరితిత్తులకు కొడ్తది. అక్కడ గాలి పట్టుకొని, ఎర్రబడి, ఎడమపక్క పై అర్రలకు తిరిగొస్తది. మళ్ల కిందికి దిగుతది. ఆ ఎడమ కింది అర్ర అన్నిట్లకు బలమైంది. నెత్తి నుంచి కాలి బొటనవేలు దాకా నెత్తురు కొట్టేది అదే. అర్రకు అర్రకు నడుమ తలుపులుంటయి, ముందుకే తెరుసుకుంటయి, వెనకకు తెరుసుకోవు.

"మీ బావి పైపు అడుగున ఫుట్‌వాల్వు ఉంటది చూడండి, నీళ్లు పైకి రానిస్తది, కిందికి పోనివ్వదు. అట్లాంటిదే. మీ ఆవిడకు ఎడమపక్క పై అర్రకు, కింది అర్రకు నడుమ ఉన్న తలుపు సన్నబడిపోయింది. రెండు వేళ్లు పట్టాల్సిన దారి, పెన్సిలు పట్టేంత ఉంది." ఆమె దిక్కు తిరిగి అడిగిండు, "అమ్మా, చిన్నప్పుడు కీళ్లు వాచి జ్వరమొచ్చిందా?"

"అయిదో తరగతిల. రెండు నెలలు మంచం మీదనే ఉన్న. మోకాలు తగ్గితే మోచెయ్యి వాసేది."

"అప్పటి జ్వరం ఇది. కీళ్లను వదిలి గుండెను పట్టింది."

నేను ఒక్కటే అడిగిన. "మొత్తం ఎంత నెత్తురుంటది సార్?"

"అయిదు లీటర్లు అనుకోండి. నిమిషానికి ఒకసారి మొత్తం చుట్టి వస్తది."

నాకు కొద్దిగ కోపమొచ్చింది. అయిదు లీటర్ల సరుకు. మా ఇంట్ల నూనె డబ్బా దానికి మూడింతలు ఉంటది. ఆ కొద్ది సరుకును ఆపకుండ తిప్పి ఇంత పెద్ద ఒంటిని నడుపుతున్నదా గుండె? తక్కువ పెట్టుబడి, ఎక్కువ తిరుగుడు. ఇంత మంచి వ్యాపారం నా ఛాతిలనే నడుస్తుంటే ఇన్నేండ్లు నాకు ఖబరే లేదు.

ఇరవై ఒక్క రోజులకొకటి చొప్పున పెన్సిలిన్ సూది వేయించాలన్నడు, మళ్ల ఆ జ్వరం రాకుండ. "నెలకొకటి అనుకుందాం సార్, లెక్క గుర్తుంటది" అన్న. ఆయన నన్ను వింతగ చూసిండు. ఆ సూది నొప్పికి ఆమె రెండు దినాలు కుంటేది, అందుకని నేను తొమ్మిది రోజులు మిగిలిచ్చి మేలు చేసిన అనుకున్న. ఆమెతోని గూడ గట్లనే చెప్పిన. ఆమె ఏమన్నదంటే, "సూది నాకు గుచ్చుతరు, తగ్గింపు నీకిస్తరు. మంచిగున్నది."

నిజామాబాద్ డాక్టరు రాసిచ్చిన చిట్టీ పట్టుకొని హైదరాబాద్ పోయినం. పెద్ద దవాఖాన. ఒక కిటికీ కాడ పేరు, ఇంకో కిటికీ కాడ పైసలు, మూడో కిటికీ కాడ "రేపు రండి". నిజామాబాద్‌ల తీసిన ఛాతి ఫోటో పనికిరాదు, మళ్ల తియ్యాలె. అక్కడ చేసిన నెత్తురు పరీక్ష పనికిరాదు, మళ్ల చెయ్యాలె. మా అడ్తిల ఒక రాశిని తక్కెడల రెండుసార్లు జోకితే రైతు కర్ర తీస్తడు. ఇక్కడ మూడుసార్లు జోకినా అందరు చేతులు కట్టుకొని నిలవడ్డరు. రెండు దినాలు నేను అక్కడ ఒక్కని మీద గూడ గెలువలేదు. ఆ కసి అంత డాక్టరు అర్రలకు మోసుకపోయిన.

రొమ్ము మీద జిగురు పూసి, టీవీ లెక్కున్న డబ్బాల గుండెను చూసిన్రట. ఆపరేషన్ చేసే డాక్టరు కాయితాలు తిరగేసుకుంట చెప్పిండు. "తలుపు ఇంకా మెత్తగనే ఉంది. ఇప్పుడైతే సులువు. ఎడమపక్క పక్కటెముకల నడుమ చిన్న గాటు పెట్టి, గుండె నడుస్తుండగనే తలుపు వెడల్పు చేస్తం. పది, పన్నెండు రోజులల్ల ఇంటికి పోవచ్చు. పదిహేను రోజులల్ల మంచం ఖాళీ ఉంది."

నా భార్య ఆ రెండు దినాలల్ల మొదటిసారి నోరు తెరిచింది. "పిల్లలైతరా సార్?"

"ఒక సంవత్సరం ఆగి కనొచ్చమ్మా."

ఆమె మొఖం చూడాల్సింది. నేను చూడలేదు. నేను గోడ మీది క్యాలెండర్ చూస్తున్న. పసుపు మార్కెట్‌కు వచ్చే దినాలు. రైతులు ఉడకబెట్టి, ఆరబెట్టి, బండ్ల మీద తెచ్చే నాలుగు నెలలే మాకు యేడాది తిండి. పదిహేను రోజులు దుకాణం విడిస్తే నా రైతులంత ఎదురంగడికి పోతరు, పోయినోడు తిరిగి రాడు.

"సార్, సీజన్ అయినంక చేద్దం."

"ఏం సీజను?"

చెప్పిన. ఆయనకు పసుపు కూరల వేసేదే తెలుసు. "ఇది వాయిదా వేసేది కాదు" అన్నడు.

"సార్, ఫుట్‌వాల్వుల నాచు పట్టి నీళ్లు తక్కువొస్తే రైతు ఏం చేస్తడు? నడి పంటల మోటరు విప్పడు. నీళ్లు తక్కువ పారిచ్చుకుంటడు, పంట ఇంటికొచ్చినంక వాల్వు మారుస్తడు. మేము గూడ పని తక్కువ చేపిస్తం. మెట్లెక్కనియ్యను, బిందె ఎత్తనియ్యను."

ఆయన నెల అన్నడు. నేను నాలుగు నెలలన్న. బయట నలభై మంది కూసున్నరు. ఆయన అలిసిపోయిండు. మా బాపు చెప్పిన సూత్రం ఒకటే నా చెవుల మోగుతున్నది, బేరంల ఆగగలిగినోడే గెలుస్తడు. ఆగిన. గెలిచిన. గోలీలు రాసిచ్చి, "ఆయాసం పెరిగితే ఆ రోజే రండి" అన్నడు. అది గూడ బేరం తెగినంక చెప్పే మర్యాద మాట అనుకున్న.

తిరుగు బస్సుల ఆమె కిటికీ పక్కకు కూసున్నది. కామారెడ్డిల నేను పల్లీలు కొని ఇచ్చిన. తీసుకోలేదు.

"పల్లీల ధర పిరమైందా ఏంది, మొఖం గట్ల పెట్టినవ్?" అన్న.

"నా గుండె మీద బేరం చేసినవ్ గదా. నన్నొక్క మాట అడిగినవా?"

"నాలుగు నెలలే గదనే. పిల్లలకు యేడు ఆగాల్నన్నడు. యేడు మీద నాలుగు నెలలు."

"ఎద్దును అమ్మేటప్పుడు గూడ రైతు దాని మెడ మీద చెయ్యేస్తడయ్యా" అన్నది. ఇంక ఊరు దాకా కిటికీల నుంచే చూసింది.

ఊర్ల మాత్రం నా పేరు మోగింది. "హైదరాబాద్ డాక్టర్నే దించినవట గదా సేటూ!" అని పక్క దుకాణపోళ్లు ఛాయ్ తాగిపిచ్చిన్రు.

డాక్టరుకిచ్చిన మాట ప్రకారం నీళ్లు తక్కువ పారిచ్చుడు మొదలుపెట్టిన. ఆమె మంచం దుకాణం వెనకర్రలకు దింపిన. మెట్లు బంద్, బిందెలు బంద్, ఉప్పు సగం. ఒక గోలీ వేసుకుంటే ఒంట్లె నీరంత దిగిపోయేది, ఆమె గంటల నాలుగుసార్లు పెరట్లకు పోయేది. "నన్ను తేమ బస్తా లెక్క మూలకు పెట్టినవ్, ఆరబెట్టి అమ్ముతవా ఏంది?" అనేది. పెద్ద బస్తాలు గోడకానుకొని ఉంటే వాటి మీద చెయ్యేసి నిలవడి, రైతులు తెచ్చిన కొమ్ములు విరిచి చూసేది. కొమ్ము విరిగిన చప్పుడును బట్టి ఎంత ఆరిందో చెప్పేది. ఆ కాడికి ఆమె బాగనే ఉన్నదని నేను మనసుకు చెప్పుకున్న.

మాఘం పోయినంక ఆమె నెత్తి కింద ఒక మెత్తతోని పండుకోలేక రెండో మెత్త అడిగింది. హోలీ అయినంక మూడోది. మెత్తలు ఒక్కొక్కటి కొంటే పిరమని నేను దూదేకులాయనతోని మాట్లాడి అరడజను ఒక్కసారే కుట్టిచ్చిన. తగ్గింపు గూడ దొరికింది. నా భార్య మెత్త మీద మెత్త పెట్టుకుంట ఆఖరికి కూసోనే నిద్రపోతున్నది, నేనేమో మెత్తల ధర చూసుకొని మురుస్తున్న. పండుకుంటే దమ్మొస్తదని ఆమె చెప్తే, "ఎండలు గదనే, అందరికి అట్లనే ఉన్నది" అన్న. ఒంట్లె ఏ తలుపు కాడ ఏం జరుగుతున్నదో ఆ మెత్తలే చెప్పినయి. చిట్టీ మీద గీసిన నాలుగు అర్రల బొమ్మ నా గల్లాపెట్టెలనే ఉన్నది. ఒక్కసారి తీసి చూస్తే అయిపోతుండె. తియ్యలేదు.

ఉగాది ముంగట జక్రాన్‌పల్లి నుంచి ఒక రైతు పసుపు తెచ్చిండు. మా బాపు కాలం నుంచి మా అడ్తికే వచ్చే ముసలాయన. వెనకర్రల నుంచి దగ్గు వినపడితే ఏందని అడిగిండు. నేను నా గెలుపు కథ చెప్పిన, ఫుట్‌వాల్వుతో సహా. ఆయన తలపాగ తీసి మోకాలు మీద పెట్టుకున్నడు.

"సేటూ, నువ్వు ఎన్నడన్న బాయిల దిగినవా?"

"లేదు పటేలా."

"మరి గీ ఫుట్‌వాల్ ముచ్చట నీకెవడు చెప్పిండు? నాచు పట్టినంక మోటరు నడిపిస్తే నీళ్లు తక్కువొచ్చుడు తోనే అయిపోతదా? మోటరు ఉడుకుతది, కాలుతది. పంట ఎండుడు తర్వాత ముచ్చట, ముందు మోటరు పోతది. మేము ఆ దినమే పైపు గుంజి సాఫ్ చేస్తం. పంట అయ్యేదాక ఆగెటోడు రైతు గాదు, పసుపు సేటు."

చుట్టున్న హమాలీలు నవ్విన్రు. నేను గూడ నవ్విన. ఆ సాయంత్రమే ఆమెను తీసుకపోవాల్సింది. నేను ఏం లెక్క కట్టిన్నంటే, రాశులు ఇంక ఇరవై రోజులు. మూడు నెలలు ఆగింది ఇరవై రోజులు ఆగదా అని. ఎదుటోడు "ఇంక కొద్దిగ" అంటే నేను ఒక్క పైస కదలకపోదును. ఆ మాట నాకు నేనే చెప్పుకుంటే మాత్రం వెంటనే ఒప్పుకున్న.

తర్వాతి వారం పట్టపగలు, రాశుల నడుమ నేను ధర తెంపుతుంటే, హమాలీ ఒకడు ఉరికొచ్చిండు. వెనకర్రల ఆమె మంచం పట్టె పట్టుకొని ముందుకు వంగి కూసున్నది. పెదవులు నేరేడుపండ్లోలె అయినయి. దగ్గుతే బట్టల మీద ఎర్రటి నురగ పడ్తున్నది. ఆమెకు ఊపిరి ఒక్కొక్క మాటకే సరిపోతున్నది.

"పాన్... ఏసుకోలే... నేను" అన్నది, నేను ఆ ఎర్రటి మరకను చూస్తుంటే. నవ్వాల్నో ఏడ్వాల్నో నాకు సమజ్ కాలేదు.

జీపుల నిజామాబాద్ పోయినం. డ్రైవరు ఎంత అడిగిండో నాకు గుర్తు లేదు. నా బతుకుల ధర అడగకుండ ఎక్కిన బండి అదొక్కటే. డాక్టరు ముక్కుకు గాలి గొట్టం పెట్టి, నరానికి సూదిచ్చి, ఆమె కొద్దిగ తేరుకున్నంక నన్ను బయటికి పిలిచిండు. అరుస్తడనుకున్న. అరువలేదు, అదే బాధ.

"ఎడమపక్క తలుపు సన్నబడితే పై అర్రల నెత్తురు నిలిచిపోతది. పై అర్రలకు ఎక్కడి నుంచి వస్తది? ఊపిరితిత్తుల నుంచి. ముందు దారి లేకపోతే నెత్తురు అక్కడే ఆగుతది. ఆగి ఆగి, ఊపిరితిత్తులల్లకు నీరు ఊరుతది. మీ ఆవిడ ఇంట్ల కూసొని మునుగుతున్నది. నేను బొమ్మ గీసి చెప్పిన కదా."

"ఫుట్‌వాల్వు అన్నరు గద సార్" అన్న, దొంగ తప్పు ఇంకొకని మీద వేసినట్టు.

"అన్న. వాల్వు మూసుకపోతే నీళ్లు బావిలనే ఉంటయి, బావి నిండితే ఎవరికీ నష్టం లేదు. ఇది బావి కాదు. నాదే తప్పు, మీకు అర్థమైంది అనుకున్న."

ఆ మాట నన్ను ఇంకా గుచ్చుతది. మా బాపు నాకు రెండు సూత్రాలు చెప్పిండు. ఒకటి ఆగినోడు గెలుస్తడని. రెండోది, సరుకు నిలవబెట్టెటోడు మునుగుతడు, తిప్పెటోడు బతుకుతడని. గుండెది రెండో సూత్రపు వ్యాపారం. నేను మొదటి సూత్రం పట్టుకపోయి దాని మీద రుద్దిన. నెత్తురుకు గోదాం లేదు, అది ఒక్క నిమిషం గూడ ఎవ్వని కోసం ఆగదు. ఆపితే ఊపిరిల నిలుస్తది, గడ్డ కడ్తది. దానితోని బేరం ఆడెటోనికి ఎదుట ఎవ్వడుండడు.

హైదరాబాద్‌ల అదే డాక్టరు. మళ్ల అదే జిగురు, అదే డబ్బా. ఈసారి డబ్బాల ఆయన నాకు గూడ చూపిచ్చిండు. పై అర్ర బుగ్గ లెక్క ఉబ్బింది, ఒక మూలకు తెల్లగ గడ్డ. నిలిచిన నెత్తురు గడ్డ కట్టింది. తలుపు అంచులు గట్టిపడ్డయి.

"చిన్న గాటు పని ఇంక కాదు" అన్నడు. "లోపల వేలు పెట్టి కదిలిస్తే ఆ గడ్డ జారి నెత్తురుల పడి నేరుగ మెదడుకు పోతది. గుండె తెరిచి చెయ్యాలె. రొమ్ము ఎముక నిలువున కోస్తం, గుండెను ఆపుతం, అంతసేపు యంత్రం నెత్తురు తిప్పుతది, గాలి పట్టిస్తది. ఆ తలుపు తీసేసి లోహపుది పెడ్తం."

నేను బేరం చెయ్యలేదు. నా భార్య మంచం మీది నుంచి అడిగింది, "ఎప్పుడు సార్?" అని. ఆయన ఆమెకు చెప్పిండు, నాకు కాదు. ఆమె సరేనన్నది. ఆ రోజు ఆ అర్రల నా అవసరం ఎవ్వరికి పడలేదు.

ఆపరేషన్ నాడు పొద్దుగాల తీసుకపోయి సాయంత్రం దాకా లోపలనే ఉంచిన్రు. బయట బల్ల మీద కూసొని ఒక్కటే ఆలోచన. ఇప్పుడు ఆమె గుండె ఆగి ఉన్నది. ఆమె అయిదు లీటర్లు గొట్టాలల్ల పడి ఒక యంత్రంలకు పోయి, ఎర్రబడి, మళ్ల ఆమెలకు వస్తున్నయి. ఆ యంత్రం పైసలు అడిగిందా, సీజన్ అడిగిందా? తిప్పుడే దాని పని, తిప్పుతున్నది. నా చేతుల ఏం పని లేక మందుల చిట్టీలు వరుస పెట్టుకుంట కూసున్న, వరుస పెట్టి చెదరగొట్టుకుంట.

బతికింది. ఇరవై దినాలకు ఇంటికొచ్చింది. ఇంట్ల చప్పుడు లేకుంటే ఆమె ఛాతిలకెల్లి చేతిగడియారం చప్పుడు వినపడేది. చుట్టాల పిల్లలు ఆమె రొమ్ముకు చెవి పెట్టి విని, "అత్తా, నీ గంట ఎంతైంది?" అని అడిగెటోళ్లు. ఆమె టైం చెప్పేది. మెట్లు మళ్ల ఎక్కుతున్నది, ఒక్కసారి గూడ ఆగకుండ. కొమ్ములు విరిచి చూస్తున్నది. లోహపు తలుపు మీద గడ్డ కట్టకుండ రోజూ ఒక గోలీ, అది ఎక్కువైందా తక్కువైందా చూసేతందుకు నెలకొకసారి నెత్తురు పరీక్ష. దాంతోని పాటు పెన్సిలిన్ సూది గూడ ఇరవై ఒకటో దినం ఇరవై ఒకటో దినమే వేయిస్తున్న.

యేడు నిండినంక ఆమె నన్ను లేపి, మంచి చీర కట్టుకొని, హైదరాబాద్ పోదాం పా అన్నది. ఎందుకని నేను అడగలేదు. డాక్టరు ముంగట కూసొని తానే అడిగింది.

"యేడైంది సార్. ఇంక పిల్లలను కనొచ్చా?"

ఆయన ఈసారి గూడ కండ్లద్దాలు తీసిండు. "అమ్మా, అప్పుడు చెప్పింది ఆ చిన్న ఆపరేషన్ గురించి. ఇప్పుడు ఈ గోలీ ఆపితే వాల్వు మీద గడ్డ కడ్తది, మీ ప్రాణానికి మోసం. వేసుకుంటే కడుపుల బిడ్డకు మోసం. నేను వద్దనే చెప్తున్న."

ఆమె "మంచిది సార్" అని లేచింది. బస్సుల ఏడువలేదు. నేనే కండ్లల్ల దుమ్ము పడ్డదని రెండుసార్లు మొఖం తిప్పుకున్న. ఆమె జేబురుమాలు ఇచ్చింది.

వారం దాకా నాకు తిండి సయించలేదు. మనసుల పెట్టుకుంటే తప్పుడు లెక్క కడ్తనని కాయితం తీసుకొని నిలువుగీత కొట్టిన. ఒక దిక్కు వచ్చింది, ఇంకో దిక్కు పోయింది. వచ్చిన దిక్కు ఆ సీజన్ కమీషన్ రాసిన, అడ్తి చెయ్యి జారకపోయింది రాసిన. పోయిన దిక్కు ఆపరేషన్ కోసం అమ్మిన ప్లాటు రాసిన. రొమ్ము ఎముక రాసిన. రోజూ గోలీ, నెల నెల సూది. ఆఖరుకు పిల్లలు అని రాసి, ఆ మాట కింద రెండు గీతలు కొట్టిన. కాయితం తీసుకపోయి ఆమె చేతిల పెట్టిన, తప్పు ఒప్పుకునేతందుకు నాకు తెలిసిన తీరు అదొక్కటే.

ఆమె కిరాణా దుకాణం బిడ్డ. వేలు పెట్టుకుంట ఒక్కొక్క వరుస చదివింది.

"గిది ఎవరి లెక్క?"

"నాది. నేను పోగొట్టింది."

"ఎముక కోసింది ఎవరిది?"

"నీది."

"మరి నీ లెక్కల ఎందుకున్నది? గోలీ మింగేదెవరు?"

"నువ్వే."

"సూది?"

"నీకే."

"తీసెయ్ నీదాంట్లకెల్లి. నా పేరు మీద వేరే గీత కొట్టు."

కొట్టిన. ఒక్కొక్కటి ఇటు నుంచి అటు మార్చిన. ఆఖరు వరుస కాడ నా చెయ్యి ఆగింది. "గిది ఇద్దరిది గదా" అన్న.

"నువ్వు నాలుగు నెలలకు ఇచ్చేసినవ్. ఇచ్చేసినోనిది పోయింది అనరు. నన్నడగకుండ ఇచ్చినవ్ గనుక గది నాది. నా దిక్కు రాయి."

రాసిన. ప్లాటు మాత్రం నాకే ఉంచింది. ఆమె మెట్లెక్కి మీదికి పోయినంక కాయితం ముంగటేసుకొని రెండు దిక్కులు కూడిన. ప్లాటుకు, ఆ సీజన్ కమీషన్‌కు పెద్ద తేడా లేదు, ఒకదానికొకటి కొట్టేస్తే నా దిక్కు పోయింది దాదాపు ఏం లేదు. తక్కినదంత ఆమె దిక్కే ఉన్నది.